రాగి బిందె, ఎర్ర రొయ్యలు

మా తాతగారి వందరోజుల షీల్డులు వరసగా ఉండే గోడ దగ్గర ఇప్పుడు ఐదడుగుల గాజు తొట్టి ఉంది. జూబ్లీ హిల్స్‌లో ఆయన సినిమాలు తీసి కట్టించిన ఇల్లు రెండుసార్లు చేతులు మారి, చివరికి కాఫీ షాపు అయింది. ఇల్లు వదిలిన రోజున ఆ వీధిలో మళ్లీ అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. చాలా ఏళ్లు నిలబెట్టుకున్నాను కూడా. రొయ్యల కోసం తప్పాను.

వండుకునే రొయ్యలు కావు. వేలిగోరంత ఉండే ఎర్ర రొయ్యలు. మంచినీళ్లలో నాచు మేస్తూ బతుకుతాయి. ఫిల్మ్ నగర్‌లో మేముండే ఫ్లాటులో, హాలు కిటికీ పక్కన, నాకో రెండడుగుల తొట్టి ఉంది. అడుగున నల్లమట్టి, మధ్యలో ఒక వేరు మొద్దు, దానికి పట్టిన నాచు, వెనక పొడుగాటి నీటి గడ్డి. మొక్కలు నా మాట వినేవి. కత్తిరించిన చోట రెండేసి చిగుళ్లు వేసేవి. రొయ్యలే నిలిచేవి కావు. పదిహేను తెస్తే నెల తిరిగేసరికి మూడో నాలుగో మిగిలేవి. మిగతావి తెల్లబడి నాచులో పక్కకి ఒరిగి కనిపించేవి.

"ఇగురు పెట్టడానికి కూడా పనికిరావు కదండీ. ఎందుకు వాటి ఉసురు పోసుకోవడం?" అనేది మా ఆవిడ.

నా శ్రద్ధలో లోపం లేదని నాకు తెలుసు. ప్రతి శనివారం మా నాయనమ్మ నాటి రాగి బిందె చింతపండుతో తోమించి, నీళ్లు నింపి, రాత్రంతా ఉంచి, ఆదివారం పొద్దున పాత నీళ్లు కొంత తీసి ఆ నీళ్లు పోసేవాణ్ణి. రాగిలో నిలవుంచిన నీళ్లు తప్ప తాతగారు వేరే నీళ్లు ముట్టేవారు కాదు. ఇంట్లో సామానంతా పోయినా ఆ బిందె మాతో వచ్చింది. మేము తాగే నీళ్లే వాటికీ పోస్తున్నాను, అంతకంటే ఏం చెయ్యాలి అనుకునేవాణ్ణి.

ఒకరోజు చేపల షాపులో ఎవరో వెనక నుంచి పిలిచారు.

"చిన్న సార్! బాగున్నరా?"

నాకు యాభై దాటాయి. నన్ను ఇంకా చిన్న సార్ అనేవాడు ఒక్కడే. తాతగారి కంపెనీలో సెట్టింగుల పని చేసినవాడు. షూటింగ్ ఫ్లోరు మీద ఒక్క పూటలో తామరకొలను వేసి, రెండో పూట ఊడదీసేవాడు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉంటూ, పెద్దవాళ్ల ఇళ్లలో, హోటళ్లలో గాజు తొట్లు అమర్చి చూసుకుంటున్నానని చెప్పాడు.

"మన ఇంట్ల గూడ పెట్టిన సార్. పెద్దసారు షీల్డులు ఉంటుండె గదా, గాడ. ఎర్ర రొయ్యలు సార్, పిల్లల మీద పిల్లలు! ఇగ నాచు కనపడ్తలేదు. జర వచ్చి చూడుండ్రి."

మన ఇల్లు. ఆ మాట దగ్గర నా చెవి ఆగిపోయింది. నేను మా ఇల్లు అని మాత్రమే అనగలను, అదీ ఉండేది అని కలిపి. వాడు ఎంత తేలిగ్గా మన అన్నాడు! రాత్రి నిద్రపట్టలేదు. ఇల్లు పోయిందన్న బాధ పాతదే. ఆ హాల్లో వాడి రొయ్యలు పిల్లలు పెడుతున్నాయన్నది కొత్తది, అదే ఎక్కువగా కుట్టింది.

నాలుగో రోజు వెళ్లాను. నేను నడక నేర్చిన గుమ్మంలో ఒక అమ్మాయి "ఎంతమంది సార్?" అని అడిగింది. ఒక్కణ్ణే అన్నాను.

వాడు చెప్పింది తక్కువే. ఆకు ఆకుకీ రొయ్యలు. వీపు మీద గీత కనిపించేంత ఎర్రటివి, పొట్ట కింద పసుపు గుడ్లు మోస్తున్నవి, ఆవగింజంత పిల్లలు. కాఫీ తాగేవాళ్లలో ఒక్కరూ అటు చూడటం లేదు. వాడు చెయ్యి మోచేతి దాకా నీళ్లలో పెట్టి గాజు గీకుతున్నాడు. పక్కన నీళ్లతో ఒక పెయింటు బకెట్. దాని అంచున ఏదో సెట్టు తాలూకు నీలం రంగు ఎండిపోయి ఉంది.

"ఎట్లున్నది సార్?"

"పర్వాలేదు," అన్నాను.

ఏం చేస్తున్నావని అడిగితే చెప్పేవాడే. కానీ ఆ ఇంట్లో నిలబడి వాణ్ణి నేను ఒకటి అడగడమా? ఇంటికొచ్చి, శ్రద్ధ ఇంకా పెంచాను. ఆదివారంతో పాటు బుధవారం కూడా బిందె నీళ్లు పోయించాను. బిందె ఇంకా బాగా తోమమన్నాను. ముందు తొట్టిలో నత్తలు పోయాయి. పీడ వదిలిందనుకున్నాను. తరవాత రొయ్యలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. అదే నా దగ్గర మొదటిసారి గుడ్లు కట్టిన రొయ్య. దాని కోసం నేను ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లేవాణ్ణి. అది గుడ్లు పొదిగితే ఆ ఐదడుగుల తొట్టి ముందు మళ్లీ తలెత్తుకుని నిలబడొచ్చు.

ఒక బుధవారం అది నాచు వదిలి అద్దం మీదికి పాకింది. నేను బిందె ఎత్తి పట్టుకుని ఉండగా తలుపు చప్పుడైంది. వాడు. నాకు చెప్పకుండా మా ఆవిడ కాఫీ షాపు వాళ్లని నంబరు అడిగి ఫోన్ చేసింది.

"ఆయన అడగరు," అంది వాడితో, నా ముందే. "తిరుపతి వెళ్లినా దారి అడగరు. తప్పిపోయాక నేను దిగి అడుగుతాను."

వాడు నవ్వలేదు. నా చేతిలో బిందె చూస్తున్నాడు.

"గీ నీళ్లే పోస్తున్నరా సార్?"

"మా నాయనమ్మది. రాత్రంతా నిలవుంచిన నీళ్లు."

"దించుండ్రి సార్. ఫస్ట్ దించుండ్రి." వాడు నాతో ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. "రాగి మనకు మంచిదే. రొయ్యకు జహర్. జరంత కలిసినా బతకది. నత్తలు ఉన్నయా?"

"పోయాయి."

"అవి గూడ గందుకే పోయినయ్. గీ మెరుపు చూస్తే చింతపండుతోటి తోమిచ్చినట్టున్నది, రాగి ఇంకెక్కువ దిగుతది."

బిందె దించాను. మా ఆవిడ తల తిప్పుకుంది. పగలబడి నవ్వి ఉంటే బాగుండేది. నా శ్రద్ధంతా, మా ఇంటి మర్యాదంతా, వారానికి రెండుసార్లు చేత్తో పోశాను.

"మట్టి గూడ రాగి తాగి ఉంటది, అంత తియ్యాలె," అన్నాడు. "గీ రొయ్యను నేను తీస్కపోత. మన ఇంట్ల ఏస్త."

ఒక్క క్షణం, ఇక్కడే పోనీ అనుకున్నాను. ఆ హాల్లోకి నా చేత్తో పంపడం కంటే అదే నయమనిపించింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అనుకున్నాను. అది అద్దం మీద కాళ్లు ఆడిస్తూ గుడ్లకి గాలి కొడుతోంది.

"తీసుకెళ్లు," అన్నాను.

వాడు వెంట తెచ్చిన పెయింటు బకెట్లో నీళ్లు ఒక డబ్బాలో పోసి, దాన్ని అందులోకి దింపుకుని, బకెట్ నాకు వదిలి వెళ్లాడు.

మట్టి ఎత్తి పోసి, కొత్తమట్టి వేసి, ఆ బకెట్లో నిలవుంచిన నీళ్లతోనే తొట్టి మళ్లీ నిలబెట్టాను. నెలన్నర తరవాత కాఫీ షాపుకి వెళ్లాను. ఎంతమంది సార్ అన్న అమ్మాయికి, తొట్టి చూడ్డానికి అని చెప్పాను.

"పొదిగింది సార్!" అన్నాడు వాడు. "మస్తు పిల్లలు. మీయి ఏవో నాయి ఏవో తెలుస్తలేదు."

గాజుకి దగ్గరగా వంగి వెతికాను. నడుము పట్టేసేదాకా వెతికాను. మా తల్లిరొయ్య కూడా కనబడలేదు. అన్నీ ఒకే ఎరుపు. నా తొట్టిలో ఒక్కటి ఉన్నప్పుడు దాన్ని వెయ్యింటిలో గుర్తుపడతాననుకున్నాను.

వాడు వల పట్టుకుని నిలబడ్డాడు. "ఏవి పట్టాలె సార్?"

అడగడం ఆ ఇంట్లో నాకు అదే మొదలు.

"గుడ్లతో ఉన్నవి ఉంటే పట్టు," అన్నాను.

ఎనిమిది పట్టి ఇచ్చాడు. ఆటోలో కవరు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. బిందెలో ఇప్పుడు మేము తాగే నీళ్లు మాత్రమే ఉంటాయి. రొయ్యలు ఈసారి పెరుగుతున్నాయి. అయినా వాడి తొట్టిలో ఎన్ని ఉన్నాయో నెలకోసారి వెళ్లి చూసి వస్తున్నాను. ఎప్పుడూ వాడివే ఎక్కువ.