ఆపానని చెప్పిన కెమెరా

నమ్మకపోతే మానేయండి, మధ్యలో మాత్రం నవ్వొద్దు. నా కళ్ల మీద ఒట్టు. తప్పు చేసింది ఆ కళ్లే.

రాజంపేటలో నాది పెళ్లిళ్లూ చావులూ లైవ్ ఇచ్చే పని. ఆ రోజు బీబీజాన్ భర్త పోయాడు. కువైట్‌లో ఉన్న ఆయన తమ్ముళ్లు చూడాలని నన్ను పిలిపించారు. ఇంట్లో ఒక కెమెరా స్టాండు మీద పెట్టాను. ఇంకొకటి చేతబట్టుకుని శవాన్ని మోసుకెళ్లే జనాజా వెంట బయలుదేరాను. గడప దగ్గర బీబీజాన్ ముసుగులోంచే అడిగింది.

"అప్పా, లోపలి కెమెరా ఆపినావా? ఇంగ ఈడ ఆడోళ్లమే ఉంటాం."

"ఆపేసినామ్మా," అన్నాను. తిరిగి చూడనే లేదు.

లైవ్ నా చేతి కెమెరాకి మార్చాను కాబట్టి లోపలిది బయటికి పోలేదు. కానీ రికార్డవుతూనే ఉంది... మూడు గంటలు. రాత్రి డిస్కులోకి ఎక్కిస్తుంటే తెలిసింది. భర్త పోయిన ఇల్లాలు నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాడి కంట పడకూడదని వాళ్ల నియమం. నాకు తెలుసు. అయినా చెరపలేదు. ఏడాది తర్వాత ఎవరో వచ్చి అడుగుతారని ఏదీ చెరపని పాడు అలవాటు నాది. పైగా చూశాను. రెండుసార్లు. సిగ్గులేని వెధవని.

వారం తర్వాత ఒక రాత్రి నా షాపు షట్టరు దించుకుని ఆ వీడియో మళ్లీ పెట్టాను. బీబీజాన్ గోడకు ఆనుకుని కూర్చుంది. ముసుగు జారిపోయింది. ఏడుస్తోంది. ముందు చూసిన రెండుసార్లూ అంతే... చివరిదాకా లేవలేదు, నాకు బాగా గుర్తు.

ఈసారి ఏడుపు ఆగింది.

తల ఎత్తింది... లేచింది... కాళ్ల కింద చాప చప్పుడు... సర్... సర్... నేరుగా కెమెరా దగ్గరికి వచ్చింది. కొంగుతో కప్పింది. తెరంతా నలుపు. ఆ నలుపులోంచి ఊపిరి... నా చెవి పక్కనే.

"చాలప్పా..."

వైరు పీకేశాను. తెల్లవారేదాకా షట్టరుకు ఆనుకుని కూర్చున్నాను. వెలుగొచ్చాక మళ్లీ పెట్టి చూస్తే... ఆమె గోడ దగ్గరే ఉంది. ఎక్కడా లేవలేదు. అప్పుడు చెరిపేశాను.

ఒప్పేసుకుందామని పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. పరదా వెనకనుంచి ఆమె గొంతు.

"ఏమప్పా, ఇట్లొచ్చినావు?"

"ఏం లేదమ్మా... ఎట్లుండావో అని."

"ఏముండాది నాయనా. ఆ పొద్దు నువ్వు కెమెరా ఆపిపోతివి గాబట్టి మనసుతీరా ఏడ్చినా. అల్లా నిన్ను సల్లగా సూడనీ."

 చెప్పకుండానే వచ్చేశాను. ఆ రాత్రి తెర మీద చూసింది నిద్రమత్తో, మరేమిటో ఇప్పటికీ తెలియదు. ఆ దీవెన మాత్రం నా మీదే ఉంది... దాన్ని వెనక్కి ఇచ్చే ధైర్యం నాకు లేదు.