లీటరుకు తొమ్మిది

మా కారు లీటరుకు తొమ్మిది కిలోమీటర్లే ఇస్తోందని వనపర్తిలో మా వీధి వీధంతటికీ తెలిసిపోయింది. చెప్పింది మా ఆయనే. పాలాయన కూడా గిన్నెలో పాలు పోస్తూ "ఏమ్మా, ఇయ్యాల ఎంతిచ్చింది?" అని అడిగేవాడు, అదేదో మా బర్రె అయినట్టు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇవ్వనిది కారు, మాటలు పడేది నేను.

అప్పట్లో నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్ని. పెద్దమందడి చుట్టుపక్కల ఊళ్ళు నావి. పిల్లల బరువు సరిగ్గా తూస్తున్నారా, పప్పూ బియ్యం అందాయా, పుస్తకంలో రాసింది నిజమేనా అని చూడడానికి రోజుకో ఊరు తిరగాలి. మొదట్లో బస్సు దొరికితే బస్సు, లేకుంటే ఆటో. ఒక వానాకాలం పొద్దున పదకొండు మందిమి ఎక్కిన ఆటో రోడ్డు దిగి పక్కకు ఒరిగింది. నా భుజం ఎముక విరిగింది. మూడు నెలలు ఇంట్లోనే ఉన్నాను. ఎముక అతుక్కుంది గాని, మళ్ళీ ఆటో ముందు నిలబడితే నా కాలు లేవలేదు. ధైర్యం చెప్పినవాళ్ళంతా ఎక్కి వెళ్ళిపోయారు, నేను మాత్రం రోడ్డు మీద చెమటలు పట్టి నిలబడ్డాను. నేను పోయే ఊళ్ళలో సగానికి బస్సే లేదు.

అది చూసి నాగర్‌కర్నూల్‌లో ఉండే మా అన్న, తను కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతది నాకు ఇచ్చేశాడు. నా పెళ్ళి కంటే ముందుది ఆ కారు. నేనే నేర్చుకున్నాను, నేనే నడుపుకున్నాను. స్టీరింగ్ నా చేతిలో ఉంటే భయం వేయలేదు. అందుకని కారు ఉంటే నాకు ఉద్యోగం ఉంటుంది, కారు పోతే ఉద్యోగం పోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

వచ్చిన కొత్తలో పదమూడు ఇచ్చేది. తర్వాత పన్నెండు, పదకొండు, అలా దిగి దిగి తొమ్మిది దగ్గర కూర్చుంది. ఇంతలో మా ఆయనకు తెలిసిన అలంపూర్ షాపాయన ఒకడు ఆ కారు మీద కన్నేశాడు. "దసరా దాంక చూస్త, గప్పటికి గూడ గిట్లనే ఉంటే ఆయనకిచ్చేస్త" అని మా ఆయన గడువు పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. లెక్క తప్పితే నిద్రపట్టని మనిషి, అంతే. కానీ ఆ లెక్కలో నా ఉద్యోగం ఏ గడిలో ఉందో నాకు కనపడలేదు.

ఇక సలహాలు మొదలయ్యాయి. కారు లేనివాళ్ళ దగ్గరే ఎక్కువ సలహాలున్నాయి. టైర్లలో గాలి తక్కువన్నారు. ఆ బంకులో పెట్రోలు మంచిది కాదు, ఇంకో బంకుకు పొమ్మన్నారు. దిగుడు వస్తే న్యూట్రల్‌లో వదలమన్నారు. చివరికి అందరూ కలిసి తేల్చింది మాత్రం ఒకటే, నా ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటుందని. మా ఆయన పక్క సీట్లో కూర్చుంటే రోడ్డు చూసేవాడు కాదు, నా కాలు చూసేవాడు. "కాలు పెట్టలేదు, చూడండి" అని చెప్పులు విడిచి, కాలు ఎత్తి పక్కన పెట్టి చూపించాను. "నేనున్నా అని తీసినవ్" అన్నాడు. పెట్రోలు వాసన వస్తోంది, ఇంజన్లోనే ఏదో ఉందని నేనంటే, "ఆడలేక మద్దెల ఓడన్నదంట" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆ రోజు వంట చేయలేదు.

మా అత్తమ్మ సంగతి వేరు. ఆమెకు మైలేజీ గీలేజీ తెలియదు. అసలు నేను కారు తోలడమే ఆమెకు గిట్టదని నేననుకునేదాన్ని. నేను తాళం చెవి తీయగానే మొహం తిప్పుకునేది, జాగ్రత్తగా పొమ్మనే "పైలం" కూడా గోడకే చెప్పేది. గురువారం దర్గాకు పోయి ఒక దారం, శనివారం ఆంజనేయస్వామి గుడికి పోయి ఒక దారం తెచ్చేది. మొదట్లో అవి లోపలి అద్దానికి కట్టింది. రెండు నెలలకు నాకు అద్దంలో వెనక వచ్చే లారీ బదులు దారాల గుత్తి కనపడసాగింది. విప్పి చేతికిచ్చాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నేనే దిగివచ్చి, "అత్తమ్మా, అద్దానికి ఒద్దు, ఇంకేడన్న కట్టుకో" అన్నాను. అప్పటి నుంచి ఆమె ఎక్కడ కడుతోందో నేను పట్టించుకోలేదు. కట్టింది మాత్రం నేను రోజూ చేయి పెట్టే చోటే.

వనపర్తి మెకానిక్ బానెట్ తెరిచి ప్లగ్గులు పీకాడు. బొగ్గులా నల్లగా ఉన్నాయి. నా ముందే మా ఆయనను అడిగాడు, "సార్, మేడం గేర్లు మంచిగనే మారుస్తదా?"

"మేడం ఇక్కడనే ఉంది, మేడంనే అడుగు" అన్నాను.

అతను నన్ను అడగలేదు. కార్బొరేటర్ విప్పి కడిగి, వైర్లు సరిచేసి ఇచ్చాడు. పన్నెండున్నర వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ పదకొండు, ఆ తర్వాత పది. "చూసినవా, మెకానిక్ మంచిగనే చేసిండు, ఖరాబు చేసేది నువ్వే" అని మా ఆయన తీర్పు ఇచ్చేశాడు. నా కాలు మీద నాకే అనుమానం మొదలైంది, అదీ నా ఖర్మ.

తర్వాత గద్వాలలో కార్బొరేటర్లకు పేరున్న ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆదివారం బయలుదేరాం. దారిలో బీచుపల్లి దగ్గర ఆపి మా ఆయన స్వామికి కారు గురించి కూడా దండం పెట్టుకున్నాడు. గద్వాల మెకానిక్ కారులోకి ఎక్కగానే అత్తమ్మ కట్టిన దారాలను వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత వాటిని కదపకుండా జాగ్రత్తగా పని చేశాడు. ఏదో మార్చాడు, ఏదో బిగించాడు. వచ్చేటప్పుడు పదమూడు ఇచ్చింది. మా ఆయన దారంతా పాటలు పాడాడు. పదిహేను రోజులకు మళ్ళీ మొదటికే వచ్చింది. ఈసారి ఆయన నన్ను ఏమీ అనలేదు. దసరా దగ్గరపడిందని అలంపూర్‌కు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం వచ్చి కారు చూసుకోమన్నాడు. దానికంటే తిట్టినా బాగుండేదనిపించింది. ఆ రోజు ఆఫీసు రిజిస్టర్ల గదిలో కూర్చుని ఏడ్చాను.

ఇంకొక్కచోట చూపిద్దామని బతిమాలాను. మా అన్న ఈ కారును నాగర్‌కర్నూల్‌లో ఒక ముసలి మెకానిక్ దగ్గరే బాగు చేయించేవాడు. శుక్రవారం సెలవు పెట్టి వెళ్ళాం. ఆయన నమాజు నుంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ మా ఆయన చెప్పిందంతా విన్నాడు. బానెట్ తెరవలేదు. నావైపు తిరిగి, "బండి తోలేది మీరే గద బేటీ? తోలుండ్రి, నేను పక్కన కూసుంట" అన్నాడు.

మూడు ఊళ్ళలో ఆ మాట అన్నది ఆయనొక్కడే. మా ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు.

నేను రోజూ చేసినట్టే చేశాను. చల్లబడిన ఇంజన్ లేవడానికి చోక్ గుబ్బ బయటికి లాగాను. ఆ గుబ్బ లాగితే ఇంజన్లోకి గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. ఇంజన్ లేచాక పూర్తిగా లోపలికి నొక్కెయ్యాలి, లేకుంటే అదనపు పెట్రోలు పోతూనే ఉంటుంది. ఇది నాకు తెలుసు. నొక్కాను.

"జర ఆగుండ్రి" అన్నాడాయన. "ఇంక లోపలికి పోదా అది?"

"పోదు. ఎప్పుడూ ఇంతే" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకొని వంగి చూశాడు. గుబ్బకూ డాష్‌బోర్డుకూ మధ్య ఉన్న కడ్డీకి వేలెడు మందాన దారాలు చుట్టి ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, నల్లవి. అత్తమ్మ వారానికి రెండు చొప్పున ఒకదాని పక్కన ఒకటి కట్టుకుంటూ వచ్చింది. దారాలు ఎన్ని పెరిగితే గుబ్బ అంత బయటే ఆగింది. మెకానిక్కులు వచ్చినప్పుడల్లా, గుబ్బ పూర్తిగా లోపలే ఉందనుకుని ఇంజన్ వైపు తీగను దానికి సరిపడా బిగించారు. అందుకే బాగయ్యేది. మరో నాలుగు దారాలు పడగానే మళ్ళీ పాడయ్యేది. రోజూ చేయి పెట్టే నాకు తెలియలేదు, దండం పెట్టుకున్న వాళ్ళకూ తెలియలేదు.

"కోసెయ్యండి" అన్నాను.

ముసలాయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "దర్గా దారం నేను కొయ్య బేటీ."

మా ఆయన వైపు చూశాను. "అండ్ల ఆంజనేయస్వామియి గూడ ఉన్నయి గద" అని ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

కటింగ్ ప్లేయర్ తీసుకొని నేనే కోశాను. గుబ్బ టక్కున లోపలికి పోయింది. ఇంజన్ రొద తగ్గి నెమ్మదించింది. ముసలాయన తీగ సరిచేసి, ఛాయ్ తాగించి పంపాడు. తిరిగి వస్తుంటే బిజినేపల్లి దాటాక మా ఆయన, "అమ్మకు ఎవరు చెప్పాలె?" అన్నాడు. నా కాలు గురించి ఊరంతా చాటిన మనిషికి తల్లి దగ్గర నోరు పెగలడం లేదు. నాకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. అలంపూర్ ఆయనకు మాత్రం ఆ రాత్రే ఫోన్ చేసి కారు అమ్మడం లేదని చెప్పేశాడు.

చెప్పాల్సిన పని పడలేదు. మర్నాడు శనివారం. గుడి నుంచి దారంతో కారు దగ్గరికి పోయిన అత్తమ్మ ఆ దారం చేతిలోనే పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఎవ్వరు కోసిన్రు?"

"నేనే" అన్నాను. అంతటితో ఆగవచ్చు. ఎన్ని నెలల ఉక్రోషమో, ఆగలేకపోయాను. "నీ దారాలతోనే కారు ఖరాబైంది అత్తమ్మా. నలుగురిల నా పరువు పోయింది. రేపు కారు అమ్ముతుండిరి. నా నౌకరి పోతుండె. నేను ఇంట్ల కూసోవాలనే గద నీకు?"

ఆమె గడప మీద కూర్చుంది.

"నౌకరి సంగతి నాకేం తెల్వదు" అంది. "దవాఖానల నిన్ను పండవెట్టిన నాడు నీ చీరకు నెత్తురు జూసిన. గప్పటి సంది నువ్వు బయటికి పోయి వచ్చేదాంక నాకు బువ్వ దిగది. పొద్దుగాల ఛాయ్ తాగుత, నీ బండి చప్పుడు ఇనవడ్డంకనే తింట. గుబ్బతోని ఏం పనో నాకేం ఎరుక? నీ చెయ్యికి దగ్గరుంటదని గాడ కట్టిన."

ఒకే ఇంట్లో ఉంటూ, ఆమె ఏడాదిగా పగలు అన్నం తినడం లేదని నాకు తెలియదు. పెద్దమందడిలో ఏ పిల్ల ఎన్ని గ్రాములు తగ్గిందో రాసుకొచ్చేదాన్ని.

సోమవారం పొద్దున కారు తీస్తుంటే అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో సద్ది గిన్నెతో. "దారం ఒద్దంటివి గద. నేనే వస్త" అంది. ఎంత చెప్పినా దిగలేదు. ఆఫీసులో నవ్వుతారన్నాను. నవ్వనీ అంది. వారం రోజులు నాతో ఊళ్ళన్నీ తిరిగింది. మొదటి రోజు రెండు చేతులతో తలుపు పట్టుకుని, ఎదురుగా ఏ బండి వచ్చినా "అమ్మో" అని కళ్ళు మూసుకుంది. నేను పిల్లల్ని తూస్తుంటే అంగన్‌వాడీ ఆయాలతో కూర్చుని చింతపండు గింజలు తీసింది. పక్క సీట్లో కూర్చున్నా మా ఆయనలా నా కాలు చూడలేదు, రోడ్డే చూసింది. నాలుగో రోజు తలుపు వదిలేసింది. శనివారం తిరిగి వస్తుంటే మాటలు ఆగిపోయాయేమిటా అని పక్కకు చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇల్లు వచ్చేదాకా లేవలేదు.

తర్వాతి సోమవారం ముందు సీటు ఖాళీగా ఉంది. వాకిట్లో నిలబడి, "నాకు ఇంట్ల పనుంది, పో" అంది. ఆ రోజంతా నాకు పని మీద మనసు లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి పోయి అడిగాను.

"తిన్నవా అత్తమ్మా?"

"ఎప్పుడో తిన్న" అని విసుక్కుంది. "నువ్వొచ్చేదాంక కూసుంటరా ఎవరన్న?"