శిస్తుకు ఇంగ్లీషు మాట

అమలాపురంలో ఆ పేటవాళ్ళకు ఇంగ్లీషులో ఉత్తరం అవసరమైతే ముందు బెంజమిన్ మాస్టారి అరుగు ఎక్కేవారు. కువైట్ వెళ్ళే పిల్లలకు బయోడేటాలు, బ్యాంకు మేనేజరుకు అర్జీలు, పాస్‌పోర్టులో తండ్రి పేరు తప్పు పడితే దానికో అఫిడవిట్టు, అన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్ళేవి. ఎవరైనా చిత్తుప్రతి రాసుకొస్తే ఎర్రసిరా కలం తీసి, ఓ మాట కింద గీత గీసి, "ఈ మాట ఇక్కడ కాదు నాయనా" అనేవారు. ముప్పైరెండేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషూ సోషలూ చెప్పి రిటైరయ్యారు. ఆయన రాసినదాంట్లో తప్పుందని అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు.

2006 ఆగస్టులో ఓ ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరుతుండగా ఫోను మోగింది. అమెరికా నుంచి చెల్లెలు సత్యవతి.

"అన్నయ్యా, తోట మీద టాక్స్ కట్టిన రసీదులు కావాలి. నాలుగేళ్ళవీ. వెంటనే పంపించు."

"ఏ టాక్సమ్మా?"

"అదే, ఏటా కడుతున్నావు కదా. కిందటేడు నలభై రెండు వేలు. ఇక్కడి పన్నులాఫీసు వాళ్ళు చూపించమంటున్నారు."

మాస్టారు నవ్వారు. "ఎకరన్నర తోటకి నలభై రెండు వేలు టాక్సేంటే పిచ్చిదానా? ఇంటిపన్నూ నీటితీరువా కలిపినా ఆరొందలు దాటదు."

"మరి నువ్వే రాసేవు కదా!"

"నేను రాసింది..." అని ఆగిపోయారు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. దాన్ని తీసేయాలని కూడా ఆయనకు తోచలేదు.

ఆయన రాసింది శిస్తు.

వాళ్ళ నాన్న మోషే ఒక కామందు పొలం అరెకరం కౌలుకు చేసేవాడు. గాలివాన వచ్చినా, కాలవకు గండిపడినా శిస్తు ఆగేది కాదు. కోత అవగానే బస్తాలు ముందు కామందు ఇంటికి వెళ్ళేవి. మిగిలింది తమది. కొన్నేళ్ళు మిగిలేది కాదు. ఆ ఇంట్లో పుట్టిన బెంజమిన్‌కు శిస్తు అంటే పై నుంచి దిగే ఆజ్ఞ. అడగడానికి వీల్లేదు, ఎగ్గొట్టడానికి అసలు వీల్లేదు.

సత్యవతి ఆయనకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. ఏబీసీడీల దగ్గర్నుంచీ ఆయనే చెప్పారు. నర్సింగు చదివి, తొంభై రెండులో కువైట్ వెళ్ళింది. తొంభై ఆరు తుపానుకి కాట్రేనికోన వైపు కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. మరుసటేడు అవి అయినకాడికి అమ్ముడుపోతుంటే సత్యవతి డబ్బు పంపింది, మాస్టారు ఎకరన్నర కొన్నారు. పడిన చెట్ల చోట మొక్కలు వేయించి, మధ్యలో రెండు గదుల డాబా కట్టించారు. తోటా డాబా కలిపి కొబ్బరికాయల వ్యాపారం చేసే గంగాధర్‌కి కౌలుకిచ్చారు. మోషే చేసిన అరెకరం ఈ గంగాధర్ తండ్రిదే.

మొదటి విడత డబ్బు పట్టుకొచ్చి, "శిస్తండీ మాస్టారూ" అని గంగాధర్ తన చేతిలో పెట్టిన రోజున మాస్టారు లెక్కపెట్టకుండానే లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట ఆ దిక్కునుంచి ఈ దిక్కుకు నడిచి రాగా ఆయన అంతకు ముందెప్పుడూ వినలేదు. ఆ తరవాత ఎవరైనా దాన్ని అద్దె అంటే, "అద్దె కాదు, శిస్తు" అని సరిదిద్దేవారు.

సత్యవతి 2001లో కువైట్ వదిలి అమెరికాలో హ్యూస్టన్ ఆసుపత్రికి మారింది. కువైట్‌లో జీతం మీద పన్నుండేది కాదు. అక్కడ పన్ను లెక్కలు రాసే ఆయన మొదటి ఏడే చెప్పాడట: ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా, తోటున్నా, దానిమీద వచ్చే రాబడి ఈ దేశానికి చెప్పాలి, ఒక్క పైసా ఇక్కడికి తెచ్చుకోకపోయినా సరే. "ఏడాదికోసారి ఇంగ్లీషులో కాగితం రాసి పంపు అన్నయ్యా, ఆయనకిచ్చేస్తాను" అంది.

ఆ మొదటి కాగితం రాయడానికి మాస్టారికి ఓ పూట పట్టింది. శిస్తు అన్నచోట ముందు రెంట్ అని రాశారు. రెంట్ అంటే అద్దె. అద్దె ఇంటికుంటుంది, కొబ్బరిచెట్టుకు అద్దేమిటి? కొట్టేశారు. జమీందార్లు శిస్తు వసూలు చేసేవారని ఎన్ని బ్యాచీలకు చెప్పారో. నిఘంటువు తీశారు. శిస్తు, టాక్స్. ముత్యాల్లాంటి అక్షరాలతో "టాక్స్" అని రాసి, పక్కన అంకె వేశారు.

ఆ కవరు విప్పకుండానే సత్యవతి లెక్కలాయనకు ఇచ్చేది. అన్నయ్య రాశాక మళ్ళీ చూసేదేముంది? లెక్కలాయన చూశాడు. రాబడి అన్న మాట ఎక్కడా లేదు, ఆస్తి మీద పన్ను మాత్రం ఉంది. అక్కడ ఇంటి మీద కట్టిన పన్ను ఆదాయంలోంచి తీసేయొచ్చు. తీసేశాడు. ఒకటి కాదు, నాలుగేళ్ళు.

అది గంగాధర్ ఇచ్చే డబ్బని ఆయన చెప్పాక, ఫోనులో సత్యవతి అంది: "అంటే వచ్చినదాన్ని కట్టినట్టు చూపించేం అన్నయ్యా. చెప్పకపోవడం ఒకటి, పైగా దాన్ని చూపించి పన్ను తగ్గించుకోడం ఒకటి."

"నవంబర్లో నీకు..."

"సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. పన్నులన్నీ సరిగ్గా కట్టేవా అని ప్రమాణం చేయించి అడుగుతారు. ముప్పై రోజుల్లో ఈ రసీదులు చూపించాలి. నేనేం చూపించను?"

ఫోను పెట్టేశాక ఆయన చర్చికి వెళ్ళలేదు. భార్య సూర్యకుమారి బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఏమైందని మూడుసార్లు అడిగింది. మూడోసారికి చెప్పారు.

"మీ ఇంగ్లీషులోనా తప్పు?" అందావిడ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నమ్మలేక అడిగింది. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

ఆయన ఫైలు తీశారు. నాలుగు కార్బను కాపీలు. నాలుగింట్లోనూ అదే మాట, వంకర లేకుండా, గీత మీద కూర్చోబెట్టినట్టు. కామాలు సరిగ్గా ఉన్నాయి. స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయి. పిల్లలెవరైనా తెచ్చి చూపిస్తే ఎర్రగీత పడడానికి చోటులేని కాగితాలు.

మర్నాడు గంగాధర్‌ని పిలిపించారు. ఏ ఏడు ఎంత కట్టాడో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు.

"ఆయ్, పెడతానండీ. కానీ పుచ్చుకున్నది తమరు, రసీదు నన్నడుగుతారేంటండీ?"

మాస్టారు జరిగింది చెప్పారు. గంగాధర్ పకపకా నవ్వాడు. "టాక్సా! అంటే ఇన్నాళ్ళూ నాకు గవర్నమెంటు మీరేనన్నమాట. ముందే చెబితే దణ్ణం పెట్టి మరీ ఇచ్చేవోణ్ణి కదండీ!"

మాస్టారి మొహం చూసి నవ్వాపి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "రసీదులకేవుందండీ, నాకు తెలిసినోడున్నాడు. పుస్తకముంది, ముద్రుంది. నలభై రెండు వేలంటే నలభై రెండు వేలే రాయించేద్దారి. అమెరికావోడు కాట్రేనికోనొచ్చి చూసుకుంటాడేటండీ?"

మాస్టారు వెంటనే వద్దనలేదు. నాలుగేళ్ళ రసీదులూ ఒకే సిరాతో ఉంటే అనుమానం రాదా అని ఆలోచిస్తున్నారు. ఆలోచిస్తున్నది తానేనని అప్పుడు తెలిసింది. నిన్నటి ఫోనుకంటే ఇది పెద్ద దెబ్బ.

"వద్దు గంగాధర్" అన్నారు గట్టిగా. "ఒక అబద్ధం చాలు."

"అది అబద్ధమేంటండీ, పొరపాటు కదండీ?"

"చదివేవాడికి రెండూ ఒక్కలాగే ఉంటాయి."

గంగాధర్ తెలుగులోనే రాసి సంతకం పెట్టాడు. లేవబోతూ అన్నాడు: "నాకు ఇంగ్లీషు రాదనుకోండి. నేనిచ్చేను, మీరు పుచ్చుకున్నారు. ఈ ముక్క ఏ దేశంవోడికైనా అర్థమవుద్ది కదండీ."

ఆ పగలంతా మాస్టారు ఉత్తరం రాశారు. మొదటి వాక్యం, "ఒక పొరపాటు జరిగింది." సూర్యకుమారికి అర్థం చెప్పి వినిపించారు.

"జరగడమేంటండీ? దానంతటదే జరిగిందా?" అందావిడ బియ్యం ఏరుతూ.

ఆయన ఎర్రసిరా కలం తీసి, తన వాక్యం కింద తనే గీత గీసి, కొట్టేశారు. మళ్ళీ రాశారు: తప్పు నేను చేశాను. నా చెల్లెలు చేయలేదు. నేను టాక్స్ అని రాసిన డబ్బు మేము కట్టింది కాదు, మాకు వచ్చింది. ఆ తోటనూ డాబానూ వాడుకుంటున్న మనిషి ఆ డబ్బు నాకిచ్చాడు, నేను తీసుకున్నాను. శిస్తు అన్న మాటకు మా వైపు రెండర్థాలున్నాయి, కౌలు డబ్బు ఒకటి, సర్కారు పన్ను ఒకటి; నేను రెండోది రాశాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు రాసే వాక్యాలు. ఎక్కడా ఒక్క పెద్ద మాట లేదు. గంగాధర్ కాగితం, బ్యాంకు పుస్తకం కాపీలు, ఆ నాలుగు కార్బను కాపీలూ జతచేసి రిజిస్టరు పోస్టులో సత్యవతికి పంపారు.

లెక్కలాయన నాలుగేళ్ళ లెక్కలూ తిరగరాశాడు. తోట శిస్తు రాబడిలోకి ఎక్కింది. సత్యవతి పన్నూ వడ్డీ కట్టింది. ఇంటర్వ్యూ వాయిదా పడింది. ఆ నెలల్లో మాస్టారి అరుగు మీదికి ఎవరొచ్చినా కళ్ళజోడు బాగుచేయించడానికిచ్చానని చెప్పి పంపేసేవారు. కళ్ళజోడు జేబులోనే ఉండేది.

మార్చి చివర్లో ఫోనొచ్చింది.

"అయిపోయింది అన్నయ్యా. సిటిజన్‌షిప్ ఇచ్చేసేరు."

"ఏమడిగేరు?" అన్నారు మాస్టారు.

"ఇంటర్వ్యూ చేసినాయన నీ ఉత్తరం చదివేడు. రెండుసార్లు చదివేడు. బాగా రాసేరు, అర్థమైంది అన్నాడు. ఈయన ఏం చేసేవారని అడిగేడు. మాస్టారన్నాను."

"ఏం చెప్పేవారని అడిగేడా?"

"అడిగేడు."

మాస్టారు రిసీవరు గట్టిగా పట్టుకున్నారు. ప్రమాణం చేసి కూర్చున్న చోట అడిగిన ప్రశ్న అది. "ఏమన్నావే?"

"సోషలన్నాను" అంది సత్యవతి. "అబద్ధం కాదు కదన్నయ్యా?"