నలభై ఒక్క వీడ్కోలు వీడియోలు

సౌదీలో, మలాజ్ పేటలోని ఆ రూముకు నాగేందర్ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. మిగతా మంచాల మీద మనుషులు మారుతూనే ఉన్నారు. కిటికీ పక్క మంచం మీద ఇతను మాత్రం కదల్లేదు. పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేక, యాభై దగ్గరపడుతున్నా ఒంటిగానే మిగిలిపోయాడు.

ఆ రూముకో ఆనవాయితీ ఉంది. ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోతుంటే ముందురోజు అందరికీ వండిపెట్టాలి. తిన్నాక నాగేందర్ ఫోన్ పట్టుకుంటాడు. పోయే మనిషి నాలుగు ముక్కలు మాట్లాడి, ఊరి పేరూ ఇంటి ఫోన్ నంబరూ చెప్పి, "వస్తే మా ఇంటికి రావాలె" అనాలి. అలాంటి వీడియోలు నలభై ఒక్కటి. పనిచేసేది కంప్యూటర్ షాపులో కాబట్టి, అన్నీ ఒక డిస్కులో దాచాడు. శుక్రవారం కంచంలో అన్నం పెట్టుకుని, ఒక్కొక్కటీ చూస్తూ తినేవాడు. ఆ కాసేపూ తనకూ నా అన్నవాళ్ళున్నారనిపించేది.

డిస్కు పాతదైందని కొత్తది కొన్నాడు. బ్యాకప్ పెట్టుకోండని షాపుకొచ్చిన ప్రతివాడికీ నీతులు చెప్పే మనిషి మరి! కాపీ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఎడమ గడిలో పాత డిస్కు, కుడి గడిలో కొత్తది; ఎడమదాన్ని కుడిదాని మీదికి ఎక్కిస్తుంది. ఏళ్ళ తరబడి అదే అలవాటు. మొన్నటి అప్‌డేట్‌లో ఏ మహానుభావుడో ఆ గడులను తారుమారు చేశాడు. ఇతను చదవకుండా నొక్కేశాడు. కొత్త డిస్కు ఎంత ఖాళీగా ఉందో, పాతదీ అంత ఖాళీ అయింది. పోయినవాటిని వెలికితీసే ప్రోగ్రాములన్నీ తిప్పి చూశాడు. ఫైళ్ళ పేర్లు వచ్చాయి, మనుషులు రాలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు రూములో ఉన్నవాళ్ళు వచ్చి ఏడాదైనా కాలేదు, వాళ్ళ ముందు ఏమని ఏడుస్తాడు?

ఎవరి వీడియో వాళ్ళకు అప్పట్లోనే పంపాడు కాబట్టి అడిగి తెచ్చుకోవచ్చనుకున్నాడు. కానీ ఇంటి నంబర్లు ఆ వీడియోలతోపాటే పోయాయి. ఫోన్‌లో మిగిలినవి వాళ్ళు వదిలేసిపోయిన సౌదీ నంబర్లు. ఒకదానికి ఎవరో సూడాన్ డ్రైవరు పలికాడు. ఇంకోదానికి బంగ్లా వంటమనిషి "రాంగ్ నంబర్ భాయ్" అన్నాడు. చివరికి ఒకప్పుడు పక్క మంచం మీదుండే అఖీల్ నంబరొక్కటి కలిసింది. ఆ సిమ్ అతని బావమరిది పేరు మీదిది, ఫోనెత్తిన ఆ బావమరిదే అఖీల్ సొంతూరు ఆర్మూర్ నంబరు ఇచ్చాడు. అఖీల్‌కు టైఫాయిడ్ వస్తే పదిరోజులు గంజి కాచి పోసింది నాగేందరే. ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

"ఎవరు?"

"అఖీల్, నేను నాగేందర్‌ను."

"ఏ నాగేందర్?"

"మలాజ్ రూమోన్ని... వీడియోలు తీసేటోన్ని."

"అరె, నువ్వానే అన్నా! ఆరేండ్లాయె గదా, యాది రాలే. మాఫ్ చెయ్. మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న. నువ్వు పోయేటప్పుడు తీసిన నీ వీడియో, అది నీ దగ్గరున్నదా?"

"ఫోన్ల జాగ లేకుంటే ఎప్పుడో తీసేసిన. నీ దగ్గరుంటది గదా అని ఫికర్ చెయ్యలే. అందరం గట్లనే అనుకునేటోళ్ళం. ఎందుకన్నా, ఉన్నయి గదా?"

లేవని చెబితే, ఇక ఎవరికీ తనతో ఏ పనీ ఉండదని నాగేందర్‌కు భయం వేసింది.

"ఉన్నయి తమ్మీ," అన్నాడు. "అందరియి ఉన్నయి."