మడతపడిన ఫైబర్ గుడ్డ

అయిలయ్యకు అనుమానం ఎక్కువ అంటే, ఆయన మీద జాలిపడి కాస్త తగ్గించి చెప్పినట్టే. అతుకులకు వాడే రెజిన్ జిగురు డబ్బా మూత తీసి వాసన చూడందే కొనడు. టీ కొట్టువాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ పాలు విరిగాయేమో అనుకుంటాడు. తన కత్తెరను టిఫిన్ సంచిలో పెట్టుకుని రోజూ నార్సింగిలోని ఇంటికి పట్టుకుపోతాడు. ఎవరైనా దాంతో అట్ట ముక్కలు కోసి మొద్దుబారుస్తారని భయం.

ఐటీ టవర్ల నడుమ ఉన్న చెరువులో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆదివారాలు తొక్కే పెడల్ బోట్లకు పగుళ్ళు వస్తే అతుకు వేసేది ఆయనే. పగిలిన చోట గీకి, గాజు దారాలతో నేసిన ఫైబర్ గుడ్డను కొలిచి కత్తిరించి, రెజిన్ పూసి పరుస్తాడు. ఆ గుడ్డకు తడి తగలకూడదు. మడత అసలే పడకూడదు, చుట్ట చుట్టే ఉంచాలి. మడత పడితే లోపలి దారాలు విరిగి తెల్లటి గీత తేలుతుంది, అక్కడ అతుకు నిలవదు. ఒట్టి చేతులతో ముట్టుకుంటే కంటికి ఆనని నూగు చర్మంలో దిగి రెండు రోజులు దురద పెడుతుంది.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి రెండు నెలల కింద సంతోష్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెదక్ వైపు నుంచి వచ్చి నిజాంపేటలో భార్యాపిల్లలతో కిరాయికి ఉంటున్నాడు. నాలుగేళ్ళు ఒక టవర్ గేటు దగ్గర సెక్యూరిటీగా పన్నెండేసి గంటలు నిలబడి, చేతిలో ఒక పనంటూ ఉండాలని ఆ కొలువు వదులుకున్నాడు. ఇంత మంచి కొలువు వదిలి ఎందుకొచ్చాడా అని అయిలయ్యకు మొదటి రోజే అనుమానం.

ఒక శనివారం బోట్లు బాగుచేసే షెడ్డు పైరేకు కారుతుంటే అయిలయ్య గుడ్డ చుట్టను ఇంటికి మోసుకుపోయాడు. సామాను బయటికి పోకూడదని బోట్ల మేనేజర్ సుబ్రహ్మణ్యం గట్టిగా చెప్పి ఉన్నాడు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. సోమవారం పొద్దున్నే తెచ్చి షెడ్డులో పెట్టి, రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డనర్ కొనడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి సంతోష్ ఒక్కడే ఉన్నాడు. చుట్ట విప్పితే, జానెడు జానెడుకీ తెల్లటి గీత.

అయిలయ్యకు ఒళ్ళు మండింది. సంతోష్‌ను నలుగురిలో నిలబెట్టి చొక్కా చేతులు పైకి మడవమన్నాడు. చేతుల మీద ఒక్క ఎర్రటి మచ్చ లేదు. ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు.

“గ్లౌసులు ఏసుకున్నవన్నట్టు. తప్పు చేసెటోడు గంత హుషారుగనే ఉంటడు,” అన్నాడు. గ్లౌసులు లేకుండా గుడ్డ ముట్టొద్దని నేర్పింది తానేనన్న సంగతి ఆ కోపంలో గుర్తు రాలేదు. గుడ్డ శనివారం నుంచీ ఎక్కడుందని మేనేజర్ అడిగితే, షెడ్డులోనే ఉందన్నాడు. సంతోష్‌ను రేపటి నుంచి రావొద్దన్నారు. అతను బతిమాలలేదు, తన టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్ళిపోయాడు.

అయిలయ్య భార్య భాగ్యమ్మది ఇస్త్రీ బండి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల బట్టలన్నీ ఆమె చేతుల మీదుగానే పోతాయి. ఆ సాయంత్రం మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుంటూ కనిపించింది. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎవరింటి దుప్పట్లకు ఏం రోగముందో అని అయిలయ్య ముందు గిరాకీలను అనుమానించాడు. ఆ తర్వాత లైటు కింద ఆమె చేయి పెట్టి టేపు ముక్క అంటించి లాగాడు. టేపు నిండా సన్నటి మెరుపులు.

“నా గుడ్డ ముట్టినవా?”

“ముట్టుడేంది, మడతపెట్టిన. మూలకు జారి పడి ఇప్పుకున్నది. ఇస్త్రీ చేసేటోళ్ళ ఇంట్ల బట్ట గట్ల పడుంటదా? మల్ల నువ్వు తెచ్చినట్టే చుట్టి పెట్టిన,” అంది. ఆగి, “నిన్నటి సంది గోక్కుంటనే ఉన్న. ఏమైందని ఒక్కమాట అడిగినవా?” అని కూడా అంది.

అయిలయ్యకు అన్నం సయించలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే సామాను ఇంటికి తెచ్చినందుకు, అబద్ధం చెప్పినందుకు తన కొలువు పోవచ్చు. కానీ నిజాంపేటలో ఆ ఇల్లు ఎలా గడుస్తుందన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. సిగ్గేసింది, భయమూ వేసింది.

పొద్దున్నే మేనేజర్‌కు అంతా చెప్పేశాడు. సుబ్రహ్మణ్యం కళ్ళద్దాలు తీసి ఆయన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

“రాత్రికి రాత్రి మాట మార్చారేంటండీ? వాడొచ్చి మీ కాళ్ళ మీద పడ్డాడా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పినా నమ్మించలేక, జీవితంలో మొదటిసారి అలా నిలబడ్డాడు అయిలయ్య. ఇక చేసేది లేక భాగ్యమ్మను షెడ్డుకు పిలుచుకొచ్చాడు. తన గ్లౌసులు తనే ఆమె చేతులకు తొడిగి, పాడైన గుడ్డ ముందు పెట్టి మడతపెట్టమన్నాడు. ఆమె దాని వైపు సరిగా చూడనైనా లేదు, దుప్పటి మడిచినట్టే చకచకా మడిచింది. ప్రతి మడతా పాత గీత మీదే పడింది.

సుబ్రహ్మణ్యం వంగి ఆ గీతలను ఒక్కొక్కటే చూశాడు. కొత్త గుడ్డ ఖర్చు జీతంలో పట్టుకుంటానని చెప్పి, సంతోష్‌కు ఫోన్ కలిపి అయిలయ్య చేతికిచ్చాడు. తప్పు తనదేనని, రేపటి నుంచి రమ్మని అయిలయ్య చెప్పాడు.

“వద్దన్నా,” అన్నాడు సంతోష్, నెమ్మదిగానే. “పాత గేటు కాడికే పోతున్న. నీ దగ్గర పని నేర్చుకుందామని వచ్చిన. నీ పక్కనుంటే పని గాదు, రోజు తప్పు చెయ్యలేదని సాక్ష్యం చెప్పుడే అయితది.”

ఆ మాట నిజమేనా అని మాత్రం అయిలయ్యకు అనుమానం రాలేదు.