ఫర్శీ అడిగిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని నాకు మనుషులు చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. అశోక్ చౌక్‌లో కూరగాయలు కొంటుంటే ఎవరో ఫోనుకు ఫొటో పంపారు. బీడీలు చుట్టే మా తెలుగువాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్‌లో నేను పుట్టి పెరిగిన సందు మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. పైన మరాఠీలో ‘భావపూర్ణ శ్రద్ధాంజలి’. నడుమ చేతులు జోడించిన నాయకుడు, ఆయన చుట్టూ అనుచరులు. కింద ఓ మూలన అరచేయంత పెద్దమ్మ. పోయిందెవరో వెతుక్కోవాలి. సిగ్గుండొద్దూ!

ఆ మూలనున్న బొమ్మ నేను తీసిన ఫొటోలోదే. సందు గ్రూపులో నేనే పెట్టాను. పోయిన ఎన్నికలప్పుడు ఆ నాయకుడు ఓట్లకు వస్తే, పెద్దమ్మ ఎదురెళ్ళి అర్జీ ఇస్తున్న ఫొటో అది. ఫ్లెక్సీలో ముఖం ఉంచుకుని, కాగితం పట్టుకున్న చేతిని కోసేశారు.

బడి నుంచి వచ్చి నేను పెద్దమ్మ పక్కనే కూర్చునేదాన్ని. ఆమె ఒళ్ళో చేట, చేటలో ఆకు, తంబాకు, కత్తెర. చదువు రాదు. పార్టీలవాళ్ళు పంచిన తెలుగు కాగితాలన్నీ నాతో చదివించుకునేది. అంతా విని, చుట్టిన బీడీని రెండు వేళ్ళతో నొక్కి చూపించేది. “మాట గూడ గిట్లనే ఒత్తి సూడాలె బిడ్డా. లోపట తంబాకు ఉన్నదో, ఉత్త ఆకే సుట్టిండో తెలుస్తది.”

అప్పట్లో ఓటు అడగడానికి వచ్చినవాళ్ళు గడప మీద కూర్చునేవారు. చేతులు ఆపకుండానే పెద్దమ్మ ప్రశ్నలు వేసేది. ఒకాయన జవాబు చెప్పలేక చాయ్ సగంలో వదిలేసి లేచిపోయాడు. “ఓటడిగే నోటికి చెవులు గూడ ఉండాలె గదనే!” అని నవ్వింది.

సందు మొదట్లో గటారు మీది ఫర్శీ ఓ నీళ్ళ ట్యాంకరు కింద పగిలింది. ఆ రాతిపలక లేక పెద్దమ్మ ఒకరోజు బీడీల గంపతో సహా మురుగులో పడింది. మోకాలు చీరుకుపోయినా పట్టించుకోలేదు, తడిసిన బీడీలు చూసి ఏడ్చింది. అప్పుడే నాచేత అర్జీ రాయించింది. నాయకుడు దాన్ని జేబులో పెట్టుకుని, “మావ్శీ, కామ్ ఝాలంచ్ సమజా” అన్నాడు. పిన్నీ, పని అయిపోయినట్టే అనుకొమ్మని. అనుకుంటే ఫర్శీ పడుతుందా?

తర్వాత ఆయన రావడం మానేసి ఫోన్లు మొదలుపెట్టాడు. “అక్కా, బాగున్నారా? నేను మీ తమ్ముణ్ణి.” ఎవరికి డబ్బిచ్చి చదివించారో, అచ్చు వార్తల తెలుగు! పెద్దమ్మ ఎవరొచ్చినా ఆపని కత్తెర ఆపి, చెవికి ఫోను ఆనించుకుని, ఫర్శీ సంగతి మొదటినుంచీ చెప్పింది. సందంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“పెద్దమ్మా, అది రికార్డింగు. అటుదిక్కు మనిషి లేడు.”

“నువ్వు ఊకో. నడుమ ఒక్క మాట అడ్డం రాలే. మనింట్ల మొగోళ్ళు గట్ల ఇంటరానే?”

ఫోను వచ్చిన ప్రతిసారీ గుర్తుచేసేది. “తమ్మీ, ఫర్శీ మరిచిపోయినవు” అని. మా వాడల్లో అక్కా అని పిలిస్తే ‘ఆఁ’ అనకుండా ఉండరు. వరస కలిపినవాడు పరాయివాడు కాడు. ఆ నమ్మకానికి నవ్విన నన్ను నేను తిట్టుకుంటున్నాను. కానీ ఆ వరసను కొనుక్కొచ్చి వేలమంది చెవుల్లో ఊదినవాణ్ణి ఏమనాలి? సొంత అక్క అయితే గటారులో పడనిస్తాడా?

ఈ వానాకాలం పెద్దమ్మ అక్కడే మళ్ళీ పడింది. తుంటి విరిగింది. మంచం మీద కూడా, “ఫోనచ్చిందా?” అనే అడిగిందట. ఇక లేవలేదు.

పదోదినానికి వెళ్ళాను. మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి కదా, పిండాలు పెట్టి వచ్చి కూర్చున్నామో లేదో చేటలో ఉన్న ఆమె ఫోను మోగింది. కోడలు ఎత్తి స్పీకరు పెట్టింది. “అక్కా, బాగున్నారా? నేను మీ తమ్ముణ్ణి. మీ ఆశీర్వాదం కావాలి...”

బయట శ్రద్ధాంజలి, లోపల కుశలప్రశ్న! కోడలు కట్ చేయబోతే నేనే ఆపాను. మాట్లాడేవాణ్ణి నడుమ కోయొద్దనేది పెద్దమ్మ. చివరిదాకా విన్నాం. అప్పుడు నేను ఫోను అందుకున్నాను.

“అక్క సచ్చిపోయింది తమ్మీ,” అన్నాను. “ఫర్శీ ఇంకా ఎయ్యలే.”

అప్పటికే ఫోను దానంతటదే కట్ అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. వాకిట్లోంచి చూస్తే సందు మొదట్లో ఆయన చేతులు జోడించే ఉన్నాడు. ఆ చేతుల కింద, పదోదినానికి వస్తున్న ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గటారు దాటుతున్నారు.