చిలకమ్మ ఇచ్చిన మంచినీళ్లు

గోపాలపట్నంలో ఇడ్లీపిండి రుబ్బి అమ్ముకునే చిలకమ్మ గుమ్మం తొక్కినవాళ్లెవరూ మంచినీళ్లు తాగకుండా వెళ్లలేదు. పిండి అంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుని, "ఎండనపడి వొచ్చినావు, తాగు బాబూ" అని నవ్వుతూ చెంబు అందిస్తుంది. ఓ నాయకుణ్ని చంపాడని కొడుకు సింహాద్రిని పోలీసులు పట్టుకెళ్లిన మర్నాడు, వకీలుగారు పంపారంటూ ఇద్దరొచ్చారు. వాళ్లకీ అలాగే ఇచ్చింది. వాళ్లు టీవీవాళ్లని, ఒకడి చొక్కా జేబులో కెమెరా ఉందని ఆ పిచ్చితల్లికేం తెలుసు? సాయంత్రానికి టీవీ నిండా ఆమె నవ్వే. కింద ఎర్రటి అక్షరాల్లో "హంతకుడి తల్లికి పశ్చాత్తాపం లేదు!" ఆమె ఇచ్చిన నీళ్లు తాగిన నోళ్లే ఆ మాటన్నాయి. కోర్టు ఇంకా విచారణే మొదలెట్టలేదు, వీళ్లు మాత్రం కొడుకుతోపాటు తల్లికీ శిక్ష వేసేశారు. ఆ రోజు నుంచి వీధిలో ఆమె పిండి కొనే మనిషి లేడు.

నిన్న మిట్టమధ్యాహ్నం ఇంకో చానల్ కుర్రాడు మైకు పట్టుకుని దిగాడు. "మీ గోడు కూడా చూపిస్తాం, ఒక్క మాట చెప్పమ్మా!"

"సూపించింది సాల్లేదేటి?" అంటూ తలుపు వేయబోయిన చిలకమ్మ, అతని ఎండిన పెదాలు చూసి ఆగిపోయింది. లోపలికెళ్లి చెంబు తెచ్చింది. కొంగు మొహం మీదికి లాక్కుని, చెయ్యి ఒక్కటే బయటికి చాపింది.

"తాగు బాబూ. నాను నవ్వనేదు, అదీ రాసుకో."